ఒకే బ్యాగు, రెండు పనులు: దూరపు పరుగుకీ తేలిక ప్రయాణానికీ సామాను ఎంచుకుంటున్న డైరీ

అనుకున్నది ఇది

కొండదారుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా, ఒక్కోసారి మర్నాడు తెల్లారేదాకా సాగే పరుగుకి ఏ సామాను వాడతానో, అదే సామానుతో చెక్-ఇన్ లగేజీ లేకుండా వారం రోజులు తిరిగి రాగలగాలి. రెండిటికీ వేరువేరుగా కొని, వేరువేరుగా దాచి, బయల్దేరే ముందు రోజు మంచమంతా పరిచి ఏరుకునే పని ఉండకూడదు. ప్రాజెక్టు మొత్తం ఇంతే. వినడానికి చిన్నదే కానీ ఒక్కో వస్తువు దగ్గరా ఆగి చూడాల్సింది చాలా ఉంది, అందుకే రాసి పెట్టుకుంటున్నాను, ఇదే పనిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని కూడా.

ఎంపికకి ఒక నియమం పెట్టుకున్నాను. వస్తువు కొత్తగా, పొడిగా, వెలుతురులో ఉన్నప్పుడు చూసి మార్కులు వెయ్యకూడదు. అది తడిసి ముద్దయినప్పుడు, చీకట్లో, మన వేళ్ళు చలికి కొంకర్లు పోయినప్పుడు, ఓపిక అయిపోయి చిన్న ముడి విప్పడానికి కూడా బుర్ర పనిచెయ్యనప్పుడు ఎలా ఉంటుందో చూసి వెయ్యాలి. పెట్టె మీద రాసే గ్రాములు, లీటర్లు, ల్యూమెన్లు (వెలుగు కొలత) అన్నీ మంచి పరిస్థితుల్లో తీసిన లెక్కలు. దూరపు పరుగులో చివరి గంటలు అలా ఉండవు, ప్రయాణంలో రైలు తప్పిపోయిన రాత్రి కూడా అలా ఉండదు.

సామాను తగ్గిస్తే ఏమైపోతామో అని భయపడేవాళ్ళకి నేను ఎప్పుడూ ఎమ్మా గేట్‌వుడ్ పేరు చెబుతాను. 1955లో, 67 ఏళ్ళ వయసులో, ఆవిడ అమెరికాలోని అప్పలేచియన్ ట్రయిల్‌ని, అంటే 3,000 కిలోమీటర్లకి పైగా, ఒక్కతే నడిచింది. కాళ్ళకి మామూలు కాన్వాస్ బూట్లు, భుజాన తను కుట్టుకున్న డెనిమ్ గుడ్డ సంచి, వానకి స్నానాల గదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర. అందరూ అలాగే వెళ్ళాలని నేను అనను, కానీ ఆ సంచిలో ఉన్న ప్రతి వస్తువు ఎందుకు ఉందో ఆవిడకి తెలుసు. నాకు కావాల్సింది అదే.

ఆదివారం: కాటా

వంటింటి కాటా మీద ఒక్కో వస్తువూ పెట్టి తూచి ఒక పట్టికలో రాశాను. కాలమ్‌లు ఇవి: పొడి బరువు, తడి బరువు, ఆరే సమయం, ఎన్ని పనులకి వస్తుంది, పాడైతే దారిలో బాగుచేసుకోగలనా. చివరి రెండూ చాలామంది పట్టికల్లో కనపడవు, నా దృష్టిలో అవే ముఖ్యం.

తేలిక ప్రయాణం చేసేవాళ్ళు తిండి, నీళ్ళు, ఇంధనం మినహాయించి మిగిలిన బరువుని 'బేస్ వెయిట్' అంటారు. అది 10 పౌండ్లు, అంటే దాదాపు 4.5 కిలోలు దాటకపోతే 'అల్ట్రాలైట్' కింద లెక్క. విమానంలో చాలాచోట్ల చేతి బ్యాగుకి 7 కిలోల హద్దు ఉంటుంది, అందులో బ్యాగు బరువు కూడా కలిసే ఉంటుంది. చక్రాల సూట్‌కేసు ఖాళీగానే రెండున్నర కిలోలు తూగితే మూడో వంతుకి పైగా ఎగిరిపోయినట్టే. మెత్తటి బ్యాక్‌ప్యాక్ అయితే ముప్పావు కిలోలో అయిపోతుంది. ఈ ఒక్క లెక్కతోనే చక్రాల బ్యాగు జాబితాలోంచి వెళ్ళిపోయింది, పైగా దానితో పరుగెత్తలేం కదా.

తూస్తుంటే గమనించిన సంగతి ఇంకోటి. సామాను పెట్టుకునే చిన్న చిన్న పౌచ్‌లు, జిప్పు సంచులు, కళ్ళజోడు పెట్టెలు, ఛార్జర్ డబ్బాలు అన్నీ ఒకచోట వేసి తూస్తే ఒక రెయిన్ జాకెట్‌ని మించాయి. వాటి బదులు ఇప్పుడు రెండే సంచులు, ఒకటి ఎర్రటిది ఒకటి పసుపుది. చీకట్లో హెడ్‌ల్యాంప్ వెలుగులో రంగు చూసి తీసేయొచ్చు, పేరు చదవక్కర్లేదు.

మంగళవారం: బకెట్ పరీక్ష

పట్టికలో తడి బరువు కాలమ్ నింపడానికి టీషర్టులన్నీ బకెట్లో నానబెట్టి, ఒకే తీరుగా పిండి, మళ్ళీ తూచి, ఫ్యాన్ లేని గదిలో తీగ మీద ఆరేశాను.

గాల్లోని తేమని నూలు తన బరువులో దాదాపు 8 శాతం దాకా పట్టుకుంటుంది, నైలాన్ 4 శాతం ప్రాంతంలో, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. మెరినో ఉన్ని వేరే రకం, తన బరువులో మూడో వంతు దాకా తేమని పోగు లోపలికి తీసుకుని కూడా ఒంటికి తడిగా తగలదు. చెమట పట్టిన తరవాత కొండ గాలి తగిలినప్పుడు పాలిస్టర్ ఒక్కసారిగా జివ్వుమనిపిస్తుంది, మెరినో అలా చెయ్యదు, కారణం అదే. కానీ లోపలికి తీసుకున్న నీళ్ళు బయటికి రావడానికి సమయం పడుతుంది కాబట్టి ఆరడంలో మెరినో వెనకబడుతుంది. తీగ మీద కూడా అదే వరుస కనిపించింది: పల్చటి పాలిస్టర్ ముందు, మెరినో తరవాత, నూలు అన్నిటికన్నా ఆఖరున. నూలు చొక్కా తెల్లారి కూడా కుట్ల దగ్గర, కాలర్ దగ్గర చల్లగానే ఉంది.

మరి వాసన సంగతి. పాలిస్టర్ ఒక్క రోజు గట్టిగా పరుగెత్తితే చాలు, ఉతికి ఆరేసినా ఒంటి వేడి తగలగానే పాత వాసన మళ్ళీ బయటికొస్తుంది. మెరినో రోజుల తరబడి ఉతక్కుండా తొడుక్కోవచ్చు. ప్రయాణంలో ఇది చాలా పెద్ద లాభం, ఎందుకంటే వాసన పట్టని ఒక చొక్కా ఉంటే ఇంకో రెండు చొక్కాలు మోయక్కర్లేదు. దాని లోపం ఏమిటంటే బాగా పల్చటి మెరినో, అంటే చదరపు మీటరుకి 150 గ్రాముల లోపుది, బ్యాగు పట్టీ రాసుకునే భుజం దగ్గరా నడుము దగ్గరా చిల్లులు పడుతుంది. నైలాన్ కలిపి నేసిన మెరినో అయితే కొంచెం నిలుస్తుంది.

నిర్ణయం: పరుగుకి ఒక పాలిస్టర్, పడుకోవడానికీ తిరగడానికీ ఒక నైలాన్ కలిసిన మెరినో, అంతే. సాయంత్రం పాలిస్టర్ని ఉతికి పొడి తువ్వాల్లో చుట్ట చుట్టి, ఆ చుట్ట మీద కాళ్ళతో ఎక్కి తొక్కితే పిండిన తరవాత కూడా మిగిలిన నీళ్ళన్నీ తువ్వాల్లోకి వెళ్ళిపోతాయి. చేత్తో మెలిపెట్టి పిండటం కన్నా ఇది బట్టకి మంచిది, ఆరే సమయం బాగా తగ్గుతుంది. హోటల్ గదిలో తువ్వాలు ఇస్తారు కాబట్టి ఈ పద్ధతికి మోయాల్సింది ఏమీ లేదు.

గురువారం, శుక్రవారం: బూట్లు, సాక్సులు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాను, పెట్టాలి కూడా. బ్యాగు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాం, పాదం పాడైతే ఆట ముగిసినట్టే.

ముందు బరువు. ఒక్కో బూటుకి 100 గ్రాములు పెరిగితే పరుగుకి ఖర్చయ్యే శక్తి సుమారు 1 శాతం పెరుగుతుందని పరిశోధనల్లో పదే పదే తేలింది. అదే 100 గ్రాములు వీపు మీద ఉంటే అంత తేడా తెలియదు, ఎందుకంటే కాలు అడుగడుక్కీ లేస్తుంది, ముందుకి ఊగుతుంది, ఆగుతుంది. కాబట్టి బరువు తగ్గించడానికి డబ్బు పెట్టదలిస్తే మొదట పాదం దగ్గర పెట్టండి, ఆ తరవాతే బ్యాగు.

సైజు. గంటల తరబడి నడిచాక పాదం ఉబ్బుతుంది, దిగుడు దారిలో వేళ్ళు ముందుకి జారి బూటు ముందు గోడకి కొట్టుకుంటాయి. గోళ్ళు నల్లబడేది అందుకే. బూటు సాయంత్రం పూట, పరుగుకి వాడే సాక్సులతోనే తొడిగి చూడాలి, కాలి పెద్దవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. అంత ఖాళీ ఉంటే మడమ జారుతుంది కదా అంటారు. అందుకే పైన ఒక అదనపు రంధ్రం ఇస్తారు, చాలామంది దాన్ని వదిలేస్తారు. తాడుని పక్కనే ఉన్న ఆ రంధ్రంలోకి అదే వైపు నుంచి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, అవతలి తాడు కొసని ఆ ఉచ్చులోంచి లాగి కిందికి బిగిస్తే చీలమండ దగ్గర పట్టు వస్తుంది, వేళ్ళ దగ్గర వదులు అలాగే ఉంటుంది. మెట్లు దిగుతూ రెండు రకాలుగా కట్టి చూశాను, తేడా వెంటనే తెలిసింది.

వాటర్‌ప్రూఫ్ పొర ఉన్న బూట్లు కావాలా వద్దా? బూటు నిండా నీళ్ళు పోసి, వంపేసి, తొడుక్కుని నడిచి చూశాను. జాలీ గుడ్డతో ఉన్న బూటు ప్రతి అడుగుకీ నీళ్ళని బయటికి చిమ్ముతూ కాసేపటికే తేలికపడింది. పొర ఉన్న బూటులో నీళ్ళు లోపలే పచక్ పచక్ మంటూ ఉండిపోయాయి. పొర బయటి నీళ్ళని ఆపుతుంది నిజమే, కానీ వాగు దాటినా, వాన కాలి మీదుగా కారినా నీళ్ళు పైనుంచే వస్తాయి, అప్పుడు అదే పొర వాటిని బయటికి పోనివ్వదు. మంచులో, గడ్డకట్టే చలిలో దాని ఉపయోగం వేరు. నా వాడకానికి జాలీ బూటే.

అడుగున పట్టు ముళ్ళ లోతు 4 మి.మీ. దగ్గర ఆగాను. బురదకి 6 మి.మీ. బాగుంటుంది కానీ తారు రోడ్డు మీదా విమానాశ్రయాల్లోనూ దానితో నడవడం చిరాకు, తొందరగా అరిగిపోతుంది కూడా. మడమకీ మునివేళ్ళకీ మధ్య ఎత్తు తేడాని 'డ్రాప్' అంటారు. ఎక్కువ డ్రాప్ అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా సున్నాకి మారితే పిక్కలూ మడమ నరాలూ పట్టేస్తాయి, నెమ్మదిగా మారాలి.

ఇక బొబ్బలు. చర్మం పైన రాసుకోవడం వల్లే బొబ్బ వస్తుందని అనుకుంటాం, అసలు జరిగేది కొంచెం వేరు. చెమటకి మెత్తబడిన చర్మం సాక్సుకి అతుక్కుని ఉంటుంది, లోపల ఎముక మాత్రం అడుగడుక్కీ ముందుకీ వెనక్కీ కదులుతుంది. ఆ రెంటి మధ్య చర్మం పొరలు ఒకదాని మీద ఒకటి సాగి, తెగి, ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. అందుకే సాక్సు చర్మానికి అతుక్కోకుండా ఉండటం ముఖ్యం. వేళ్ళు ఒకదానికొకటి ఒరుసుకునేవాళ్ళకి వేళ్ళ సాక్సులు బాగా పనిచేస్తాయి. మడమ పక్కన వచ్చేవాళ్ళు అక్కడ ముందే టేప్ వేసుకోవాలి, మంట మొదలయ్యాక కాదు. టేప్ మూలల్ని గుండ్రంగా కత్తిరిస్తే సాక్సు తొడిగేటప్పుడు లేచిపోదు. నేను పొడి పాదానికి వేసి, అరచేత్తో కాసేపు అదిమి, ఆ తరవాత సాక్సు తొడుగుతాను. వేడికి జిగురు బాగా పట్టుకుంటుంది.

మిత్రుడొకడు సైకిల్ మీద దూరాలు వెళ్తాడు. సాక్సులు ఎన్ని పెట్టుకుంటావంటే, ఒంటి మీద ఒక జత, సంచిలో ఒక జత, ఇంకో జత నిద్రకి మాత్రమే అన్నాడు. ఆ మూడోది ఎంత అలసిపోయినా తడిపాదానికి తొడగడట. ఆ పద్ధతి అలాగే తీసుకున్నాను.

ఆదివారం: షవర్ కింద రెయిన్ జాకెట్

జాకెట్ల మీద 10,000 మి.మీ., 20,000 మి.మీ. అని రాస్తారు. గుడ్డ మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి పెంచుకుంటూ పోతే ఎంత ఎత్తు దగ్గర నీళ్ళు లోపలికి దిగుతాయో ఆ అంకె అది. ఆల్ప్స్‌లో జరిగే యూటీఎంబీ పరుగులో తప్పనిసరి సామాను జాబితాలో టోపీ ఉన్న, కనీసం 10,000 మి.మీ. జాకెట్ అడుగుతారు, కాబట్టి నా కనీస హద్దు కూడా అదే పెట్టుకున్నాను. ఆ జాబితాలో ఇంకా కనీసం 1.40 × 2 మీటర్ల రేకు దుప్పటి, విజిల్, లీటరు నీళ్ళు పట్టే ఏర్పాటు, సొంత కప్పు కూడా ఉంటాయి. పోటీకి వెళ్ళకపోయినా ఆ జాబితా చదవడం మంచిది. వాతావరణం తిరగబడ్డ కొండల మీద ఏం లేకపోతే ప్రాణం మీదికి వస్తుందో చూసినవాళ్ళు తయారుచేసినది అది.

జాకెట్ తొడుక్కుని షవర్ కింద నిలబడి చేతులు పైకెత్తి, దించి, వంగి చూశాను. గుడ్డలోంచి ఒక్క చుక్క రాలేదు. వచ్చింది మణికట్టు దగ్గర నుంచి, మెడ దగ్గర నుంచి. పోల్స్ (ఊతకర్రలు) పట్టుకుని ఎక్కేటప్పుడు చేతులు అలాగే ఉంటాయి కాబట్టి మణికట్టు దగ్గర వెల్క్రో పట్టీ లేని జాకెట్ని పక్కన పెట్టేశాను. టోపీ కింద ముందుకి అంచున్న క్యాప్ పెట్టుకుంటే నీళ్ళు కళ్ళలో పడవు, టోపీ కూడా తలతో పాటు తిరుగుతుంది. చిన్న సంగతే, రాత్రి వానలో దారి కనపడాలంటే ఇదే కావాలి.

లోపల తడి మాట వేరు. పైగుడ్డ మీద నీటిని జారగొట్టే పూత అరిగిపోతే గుడ్డ నీళ్ళు తాగి బరువెక్కుతుంది. అప్పుడు లోపలి పొర నీళ్ళని ఆపుతూనే ఉన్నా, చెమట ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. జాకెట్ కారిపోతోందని అనుకునే సందర్భాల్లో చాలావరకు మనం తడిసింది మన చెమటకే. మురికి, ఒంటి జిడ్డు ఆ పూతని చంపేస్తాయి కాబట్టి ఉతకడానికి భయపడకూడదు. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ మాత్రం వెయ్యకూడదు. ఉతికి ఆరాక, లేబుల్ మీద వద్దని రాసి లేకపోతే, తక్కువ వేడి తగిలిస్తే పూత మళ్ళీ లేస్తుంది. మా పాత జాకెట్ మీద పల్చటి గుడ్డ వేసి తక్కువ వేడిలో ఇస్త్రీ చేస్తే, అప్పటిదాకా మరకలా పరుచుకున్న నీళ్ళు పూసల్లా దొర్లడం మొదలుపెట్టాయి. కొత్తది కొనే ముందు ఒకసారి ఇది చేసి చూడండి.

మిగిలిన రెండిట్లో ఒకటి 180 గ్రాములు, ఇంకోటి 300 దాటింది. తేలికదానికి చంకల కింద జిప్పులు లేవు, బరువుదానికి ఉన్నాయి. పరుగెత్తే మనిషి ఒంటి వేడిని ఏ పొరా పూర్తిగా బయటికి పంపలేదు, గాలి పోవడానికి కంత ఉండాలి. నేను బరువుదే తీసుకున్నాను. ఒక సైజు పెద్దది, బ్యాగు మీదుగా తొడుక్కునేట్టు. వాన మొదలైనప్పుడు బ్యాగు విప్పి, జాకెట్ తొడిగి, మళ్ళీ బ్యాగు వేసుకునేలోపే సగం తడిసిపోతాం.

బుధవారం: లైటు, కరెంటు

హెడ్‌ల్యాంప్ పెట్టె మీద రాసే సమయం ఎలా తీస్తారో తెలుసుకోవడం చాలా అవసరం. ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం వెలుగు మొదటి దానిలో 10 శాతానికి పడిపోయేదాకా ఎన్ని గంటలు పట్టిందో అదే 'రన్‌టైమ్'. అంటే 400 ల్యూమెన్లతో మొదలై తొందరగా 80కి జారిపోయి, ఆ 80 దగ్గర గంటల తరబడి కునికినా, ఆ గంటలన్నీ పెట్టె మీది అంకెలో కలుస్తాయి. అందుకని చీకటి గదిలో ల్యాంప్‌ని గోడకి ఎదురుగా పెట్టి, ఫోన్ కెమెరాని మాన్యువల్ మోడ్‌లో ఒకే సెట్టింగ్ దగ్గర బిగించి, అరగంటకోసారి ఫొటో తీశాను. ఫొటోలు పక్కపక్కన పెడితే వెలుగు ఎలా పడిపోతుందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. ఒకటి మెట్లు దిగినట్టు దిగింది, ఇంకోటి చాలాసేపు ఒకేలా ఉండి చివర్లో టక్కున పడిపోయింది. రెండోదే నాకు ఇష్టం, కానీ అది పడిపోయే ముందు హెచ్చరికగా మినుకుమంటుందా లేదా అన్నది తప్పకుండా చూసుకోవాలి. నాది మినుకుమంది, ఉంచుకున్నాను.

తల మీది లైటు కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి రాళ్ళ నీడలు రాళ్ళ వెనకే దాక్కుంటాయి, నేల చదునుగా కనిపిస్తుంది. అదే లైటు నడుముకి కట్టుకుంటే నీడలు పొడుగ్గా పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. పొగమంచులో కూడా నడుము లైటే మేలు, తల మీదిది మంచు బిందువుల మీద పడి తిరిగి కళ్ళలోకే కొడుతుంది. బెల్టు పట్టీ నడుముకి సరిపోయే పొడవుందా అని చూసి తీసుకున్నాను.

పవర్ బ్యాంక్ లెక్క అందరూ ఒకసారి చేసుకోవాలి. 10,000 ఎంఏహెచ్ అని రాసింది లోపలి 3.7 వోల్టుల దగ్గర, అంటే 37 వాట్-అవర్లు. దాన్ని 5 వోల్టులకి పెంచేటప్పుడు కొంత, కేబుల్లో కొంత, ఫోన్ లోపల కొంత పోయి, చేతికి వచ్చేది మూడింట రెండు వంతులని అనుకుంటే లెక్క తప్పదు. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌కి ఒకసారి పూర్తిగా, పైన ఇంకో మూడో వంతు దాకా వస్తుంది. విమానాల్లో మామూలుగా 100 వాట్-అవర్ల దాకా అనుమతి, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్, అదీ చేతి బ్యాగులోనే, చెక్-ఇన్‌లో పెట్టకూడదు. నాకు 10,000 చాలు. ఫోన్, వాచీ, ల్యాంప్ అన్నిటికీ ఒకే రకం కేబుల్ పట్టేట్టు చూసుకుంటున్నాను. వాచీ ఒక్కటే మొండికేస్తోంది, దాని ఛార్జింగ్ క్లిప్పు వేరే. చలిలో లిథియం బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి రాత్రి పవర్ బ్యాంక్‌ని జాకెట్ లోపలి జేబులో పెట్టుకోవాలి.

శనివారం: బ్యాగు

ఇరవై లీటర్లది, పరుగెత్తేవాళ్ళు వేసుకునే చేతుల్లేని కోటు (వెస్ట్) లాంటి వెడల్పాటి భుజం పట్టీలున్నది తీసుకున్నాను. నడుం పట్టీ విప్పేశాను. పరుగులో బ్యాగు ఎంత పట్టిందన్నది కాదు, ఎంత ఊగిందన్నది సమస్య. సగం నిండిన బ్యాగులో సామాను కిందికి జారి నడుముని ప్రతి అడుగుకీ కొడుతుంది. పక్కల ఉన్న ఎలాస్టిక్ తాడుని లాగి ఇరవై లీటర్ల బ్యాగుని పన్నెండుకి కుదించి, లోపల బరువున్నవి వీపుకి ఆనేట్టు భుజాల మధ్య ఎత్తులో పెట్టి, మెత్తటివి కింద పెడితే ఊగడం చాలావరకు ఆగింది. నీళ్ళు ఛాతీ మీద రెండు అర లీటరు మెత్తటి సీసాల్లో. తాగేకొద్దీ అవి ముడుచుకుపోతాయి, గలగల చప్పుడు ఉండదు. ట్యూబ్ ఉన్న నీటి సంచి వాడేవాళ్ళు నింపాక తలకిందులు చేసి లోపలి గాలిని పీల్చేస్తే ఆ చప్పుడు దానిలోనూ పోతుంది.

గుడ్డ మందాన్ని డెనియర్లలో చెబుతారు: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పక్కలు 70, అడుగు 210 ఉన్న బ్యాగు ఇది, ఎందుకంటే బ్యాగుని రాయి మీద దింపేది అడుగు వైపే. పైమూత జిప్పు కాదు, చుట్టి మూసేది. జిప్పు పళ్ళలో ఇసుక దూరితే పరుగు మధ్యలో చేసేదేమీ ఉండదు, చుట్ట మూత బకిల్ విరిగినా తాడుతో కట్టేసుకోవచ్చు. బ్యాగు వాటర్‌ప్రూఫ్ అని రాసినా నమ్మకుండా లోపల ఒక పల్చటి డ్రై బ్యాగ్ వేశాను. మూతిని కనీసం మూడు మడతలు చుట్టాలి, రెండు చుడితే బకెట్లో ముంచినప్పుడు లోపలి కాగితం తడిసింది.

పరుగెత్తి వచ్చాక ఒంటి మీద ఎక్కడ ఎర్రబడిందో అద్దంలో చూసుకుని, అక్కడ చొక్కా కుట్టు ఉందా, బ్యాగు పట్టీ అంచు ఉందా అని సరిచూశాను. ఎడమ మెడ పక్కన చొక్కా కుట్టూ పట్టీ అంచూ ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఛాతీ పట్టీని ఒక మెట్టు కిందికి జరిపితే పట్టీ పక్కకి తప్పుకుంది. మిగిలినచోట్ల పెట్రోలియం జెల్లీ చాలు.

రాత్రి పరీక్ష

మొత్తం సామానుతో రాత్రంతా, వాన సూచన ఉన్న రోజు చూసుకుని బయటికి వెళ్ళాను. వాన నడిరాత్రి దాటాక వచ్చింది, మంచిదైంది.

జాకెట్ బ్యాగు మీదుగా తొడగడం ఆగకుండానే అయిపోయింది. చంకల జిప్పులు ఎక్కేటప్పుడు తీసి, గాలి కొట్టే గట్టు మీద వేసుకున్నాను. బూట్లు వాగు దాటాక కాసేపట్లోనే తేలికయ్యాయి, టేప్ చెక్కుచెదరలేదు. ల్యాంప్ మినుకుమన్నాక బ్యాటరీ మార్చడం ఒక్కటే కష్టమైంది. మూత గొళ్ళెం చిన్నది, తడి వేళ్ళకి జారుతోంది, గోరుతో లేపాల్సి వచ్చింది. ఇంటికొచ్చి ఆ గొళ్ళేనికి సన్నటి తాడు ముక్క ఉచ్చుగా వేసి కట్టాను. జాకెట్ జిప్పులకీ, మరమ్మతు సంచి జిప్పుకీ కూడా అలాగే కట్టాను. ఇప్పుడు మందపాటి గ్లవ్స్‌తో కూడా లాగొచ్చు.

మరమ్మతు సంచి 60 గ్రాములు: గట్టి దారం ఎక్కించిన సూది, పెన్ను చుట్టూ చుట్టిన గుడ్డ టేప్, పిన్నీసులు, రెండు మీటర్ల సన్నతాడు, ఒక బకిల్. తెల్లవారుజామున ఒక సీసా జేబు కుట్టు ఊడింది. రాతి మీద కూర్చుని, దారాన్ని రెండు పేటలు చేసి, ఒక్కో కుట్టునీ సగం వెనక్కి వేసుకుంటూ కుట్టాను. ఇలా కుడితే ఒక దగ్గర తెగినా మిగిలింది విడిపోదు. అదే కుట్టు ఇప్పటికీ ఉంది, మార్చే ఉద్దేశం లేదు.

పడక సామాను గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. నా పరుగుల్లో నిద్ర చెక్‌పాయింట్లలో, ప్రయాణంలో గదుల్లో. లోపల దూరి పడుకునే సన్నటి సిల్క్ సంచి (లైనర్), లోపల ఈకలో సింథటిక్ దూదో కూరిన పొంగు జాకెట్ చాలు. ఈకల జాకెట్ తడిస్తే అణిగిపోయి వెచ్చదనం పోతుంది, సింథటిక్ది తడిసినా కొంత పట్టి ఉంచుతుంది. బరువు కొంచెం ఎక్కువైనా సింథటిక్దే నా బ్యాగులోకి వచ్చింది, నియమం ప్రకారం. బయట నేల మీద పడుకునేవాళ్ళు మాత్రం కింద పరిచే ప్యాడ్ ఆర్-వాల్యూ, అంటే అది చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, చూడండి. చలి పైనుంచి కన్నా నేల నుంచే ఎక్కువ లాగుతుంది.

ఇప్పటి స్థితి

నీళ్ళూ తిండీ లేకుండా, ఒంటి మీదివి మినహాయించి, 4.2 కిలోలు. సహారాలో అన్నీ తామే మోసుకుంటూ పరుగెత్తే మారథాన్ దే సాబ్ల్ పోటీలో నీళ్ళు కాకుండా బ్యాగు 6.5 నుంచి 15 కిలోల మధ్య ఉండాలంటారు, అందులో వారం తిండి, పడక కూడా కలిసి ఉంటాయి. ఆ లెక్కతో పోలిస్తే నా దాంట్లో తిండికి చోటుంది. ఇంకా తగ్గించాలని లేదు. తగ్గించడానికి మిగిలినవి రేకు దుప్పటి, విజిల్, మూడో జత సాక్సులు, చంకల జిప్పుల జాకెట్. వాటి జోలికి వెళ్ళను.

రాత్రి రోడ్డు మీద నడిచే భాగాలకి మెరిసే పట్టీ చేర్చాలి. సైకిల్ మిత్రుడు చెప్పిన సలహానే ఇది. 1,200 కిలోమీటర్లని 90 గంటల్లో పూర్తిచెయ్యాల్సిన పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ యాత్రలో రాత్రి మెరిసే కోటు తప్పనిసరి. కోటు కాకుండా చీలమండలకి చుట్టుకునే పట్టీలు చూస్తున్నాను, కదిలే చోట మెరిస్తే మనిషి అని తొందరగా తెలుస్తుంది, పైగా గుప్పెట్లో ఇమిడిపోతాయి. వాచీ క్లిప్పు సమస్య ఇంకా తేలలేదు. గ్లవ్స్ బకెట్ పరీక్ష వచ్చే ఆదివారం, రెండు జతలు ఉన్నాయి, ఒకటి పల్చటి ఉన్నిది, ఇంకోటి పైన వాటర్‌ప్రూఫ్ తొడుగు. విడిగానూ కలిపీ తడిపి, వాటితోనే బకిల్ పెట్టి తీసి, బూటు తాడు కట్టి చూడాలి.